ఫోనులో అందే ప్రభుత్వ పత్రములు: మన పేరు, మన నంబరు



చేనేత కుటుంబమునకు కాగితము లేనిదే ఏ పనియు జరుగదు. ముద్రా ఋణమునకు ఒక పత్రము, పిల్లవాని కాలేజీ చేరికకు ఒకటి, బీమాకు ఒకటి, వృద్ధాప్య పింఛనుకు మరియొకటి. పూర్వము వీటిలో ప్రతిదానికి కచేరికి పోయి అర్జీ ఇచ్చి, వారము దినములకు మరల పోయి, ఆనాడు గుమాస్తా సెలవులో నున్నాడని విని మూడవసారి పోయి తెచ్చుకొనవలసి యుండెడిది. మగ్గము ఒక పూట ఆగినచో ఆ పూట కూలి లేనట్లే. కాగితమునకు కట్టిన రుసుము కంటె దానికై పోగొట్టుకొన్న పనిదినముల ఖరీదే ఎక్కువ.

నేడు ఆ పత్రములలో చాల భాగము ఎలక్ట్రానిక్ రూపమున చేతిఫోనుకే వచ్చుచున్నవి. సోలాపురములో నున్నవారికైనను, బెంగళూరు, సేలం, బరంపురం, యానాములలో నున్నవారికైనను ముఖ్యమైన విధానము ఒక్కటే. అయినను మన వారికి ఆ సుఖము పూర్తిగా దక్కుట లేదు. మా సంఘ కార్యాలయమునకు సభ్యులు తెచ్చు చిక్కులను చూడగా, యంత్రము చెడిపోయినవి బహు తక్కువ. పేరు కలియకపోవుట, ఫోను నంబరు ఇంకొకరిది అగుట, పత్రము వచ్చినట్లే తెలియకపోవుట, ఈ మూడే తరచుగా కనబడుచున్నవి. మొదటి రెండింటిని మనమే ముందుగా సరిచేసికొనవచ్చును. కనుక ఈ సంచికలో ఆ విషయమును పాఠముగా వ్రాయుచున్నాము.

డిజిలాకర్ అను పెట్టె

భారత ప్రభుత్వము 2015 జులై 1వ తేదీన డిజిలాకర్ అను సేవను ప్రారంభించినది. దీనిని మన ఇంటిలోని ఇనుప పెట్టె వంటిదని చాలమంది చెప్పుదురు. ఆ పోలిక సగమే నిజము. ఇనుప పెట్టెలో మనము పెట్టిన కాగితములే యుండును. డిజిలాకర్‌లో రెండు అరలు ఉన్నవి. ఒక అరలో మనము ఫోటో తీసి ఎక్కించిన కాగితములు ఉండును. రెండవ అరలో పత్రమును జారీచేసిన కార్యాలయము తన సొంత దస్తరము నుండి నేరుగా ఇచ్చిన పత్రములు ఉండును. పాన్ కార్డు ఆదాయపు పన్ను శాఖ లెక్క నుండి, డ్రైవింగు లైసెన్సు రవాణా శాఖ లెక్క నుండి, పరీక్షల మార్కుల పట్టీ ఆ బోర్డు లెక్క నుండి వచ్చును.

ఈ తేడా తెలియకయే ఎక్కువ చిక్కు కలుగుచున్నది. మీ తాతగారి పాఠశాల పత్రమును చక్కగా ఫోటో తీసి ఎక్కించితిరనుకొనుడు. అది పోకుండ భద్రముగా నుండును, ఎప్పుడైనను చూచుకొనవచ్చును. అంతవరకే. దానిని చూపి అసలు పత్రముగా ఒప్పుకొమ్మని ఏ అధికారిని అడుగుటకు వీలులేదు. జారీ అయిన పత్రముల అరలోనున్నది మాత్రము వేరు. 2016 నాటి డిజిటల్ లాకరు నియమములకు 2017 ఫిబ్రవరి 8న 9ఏ అను నియమమును చేర్చి, ఈ పత్రములను అసలు కాగితపు పత్రములతో సమానముగా ఎంచవలెనని ప్రభుత్వము శాసించినది. రవాణా శాఖ 2018లో అన్ని రాష్ట్రములకు ఈ విషయమునే వ్రాసి, దారిలో ఫోనులో చూపిన లైసెన్సును ఒప్పుకొనవలసినదని తెలిపినది.

ఇందులో ఒక మెలిక కూడ ఉన్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములో 9వ సెక్షను ప్రకారము, ఏ ప్రభుత్వ కార్యాలయమునైనను ఎలక్ట్రానిక్ పత్రమునే తీసికొని తీరవలెనని పౌరుడు పట్టుపట్టు హక్కు లేదు. కావున గుమాస్తాతో చట్టము ఎత్తి వాదులాడుట వలన ప్రయోజనము తక్కువ. 9ఏ నియమము పేరు మర్యాదగా చెప్పి, అతని యెదుటనే పత్రమును తెరచి చూపి, అతని ఫోనుతోనే క్యూఆర్ గుర్తును సరిచూచుకొమ్మని కోరుట మంచిది. వాదించినవారి కంటె ఇట్లు చూపినవారికే పని త్వరగా జరుగుటను మేము చూచుచున్నాము.

ఇక వీలునామా సంగతి. ఆ చట్టము వీలునామాలకు వర్తించదు. ఇంటిని, మగ్గములను, పిల్లల వాటాలను గూర్చి వ్రాయు వీలునామా నేటికిని కాగితము మీద, సిరా సంతకముతో, ఇద్దరు సాక్షులతో ఉండవలసినదే. ఫోనులో మాటలాడి పెట్టినది చెల్లదు.

సంతకము ఎట్లు పనిచేయును

ఎలక్ట్రానిక్ పత్రము మీది సంతకమును గూర్చి మన వారిలో ఒక అపోహ ఉన్నది. పత్రము అడుగున కనబడు ఆకుపచ్చ టిక్కు గుర్తునే సంతకమని తలచుచున్నారు. అది సంతకము కాదు. అసలు సంతకము కంటికి కనబడదు.

మన పనితో పోల్చి చెప్పెదము. ఒక నేతగాడు పడుగు సిద్ధము చేసి, దాని పోగుల లెక్కను, రంగుల వరుసను ఒక చీటీ మీద వ్రాసి, ఆ చీటీకి తన ముద్ర వేసి పంపినాడనుకొందము. దారిలో ఎవరైనను ఒక్క పోగు తీసినను, ఒక రంగు మార్చినను, చేరినచోట లెక్కపెట్టగానే చీటీతో కలియదు. డిజిటల్ సంతకము సరిగా ఇట్టిదే. పత్రములోని ప్రతి అక్షరమును కలిపి యంత్రము ఒక పొడుగైన సంఖ్యను కట్టును. జారీచేయు కార్యాలయము ఆ సంఖ్యను తన రహస్యపు తాళపుచెవితో ముద్రించును. దానికి జత అయిన బహిరంగ తాళపుచెవి అందరికిని దొరకును. దానితో తెరచి, పత్రము నుండి సంఖ్యను మరల కట్టి, రెండును పోల్చి చూచినచో పత్రము మారినదో లేదో తెలియును. పుట్టిన సంవత్సరములో ఒక్క అంకె దిద్దినను సంఖ్య మారిపోవును. రహస్యపు తాళపుచెవి ఎవరిదో ధ్రువీకరించు సంస్థలకు లైసెన్సు ఇచ్చుటకు ఆ 2000 సంవత్సరపు చట్టము క్రింద ఒక కంట్రోలరు ఉన్నాడు.

దీని నుండి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, పీడీఎఫ్ పత్రమును అచ్చు వేయగానే ఆ సంతకము పోవును. కాగితము మీద మిగులునది టిక్కు బొమ్మయు, క్యూఆర్ గుర్తును మాత్రమే. అందువలన అచ్చు కాగితముతో పాటు అసలు ఫైలును కూడ ఫోనులో దాచుకొనవలెను. దానిని తిరిగి ఫోటో తీసి వాట్సాపులో పంపినచో అది జిరాక్సుతో సమానము. ఫైలునే పంపవలెను.

రెండవది, కొన్ని కంప్యూటర్లలో పత్రము తెరచినప్పుడు టిక్కుకు బదులు ప్రశ్నార్థకము కనబడును. చూచినవారు ఇది దొంగ పత్రమని భయపడుదురు. భయపడనక్కరలేదు. ఆ కంప్యూటరుకు మన దేశపు ధ్రువీకరణ సంస్థలను నమ్మవలెనని ఇంకను చెప్పలేదని దాని అర్థము. సంతకము మీద నొక్కి ఒకసారి సరిచూడమని చెప్పినచో చక్కబడును. క్యూఆర్ గుర్తును గూర్చి ఒక జాగ్రత్త చెప్పెదము. దానిని ఎవరైనను అచ్చువేయవచ్చును. చూపిన గుర్తు ఏదో తెలియని స్థలమునకు తీసికొనిపోయినచో దానిని నమ్మరాదు. ప్రభుత్వపు యాప్‌తో గాని, జారీచేసిన శాఖవారి సొంత స్థలములో గాని చూచినదే సరిచూచుట.

పేరు కలియుట

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. డిజిలాకర్ ఏ పత్రమునైనను తెచ్చునప్పుడు ఆధారులోని పేరును, పత్రములోని పేరును పోల్చి చూచును. కలియనిచో పత్రము రాదు. ఒకే రాష్ట్రములో తరతరములుగా నున్నవారికి ఇది పెద్ద చిక్కు కాకపోవచ్చును. ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి మాత్రము ఇదియే పెద్ద చిక్కు.

చూడుడు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. మహారాష్ట్రములో సొంత పేరు ముందు, తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరము ముందు వచ్చి, ఇంటిపేరు కనబడకుండనే పోవును. ఒడిశాలో ఇంటిపేరు చివరకు పోవును. కర్ణాటకలో పొడి అక్షరములు కొందరికి ముందు, కొందరికి వెనుక. ఒక తండ్రికి ఇద్దరు కుమారులు, ఒకడు సేలంలో, ఒకడు సోలాపురములో పెరిగినచో, వారి పత్రములను పక్కపక్కన పెట్టి చూచిన అధికారికి వారు అన్నదమ్ములని తోచదు. ఆస్తి పంపకములో గాని, కులపత్రమునకు రక్తసంబంధము చూపునప్పుడు గాని ఇది బయటపడి ఏండ్లకొలది తిప్పించును.

అక్షరముల చిక్కు మరియొకటి. మన లక్ష్మి తమిళ లిపిలో లట్చుమి అగును, ఒరియావారి నోట లొఖ్మి అగును. అక్కడి గుమాస్తా తాను విన్నదానిని బట్టి ఇంగ్లీషులో వ్రాయును. సత్యనారాయణ అను పేరును ఒకచోట ఒక పదముగా, ఒకచోట రెండు పదములుగా వ్రాసియుందురు. కంటితో చూచు మనిషి రెండును ఒకటేనని ఒప్పుకొనును. యంత్రము ఒప్పుకొనదు.

స్త్రీల విషయములో ఇది ఇంకను కష్టము. పాఠశాల పత్రములో పుట్టింటి పేరు, ఆధారులో అత్తింటి పేరు, బ్యాంకు పుస్తకములో పేరు పక్కన అమ్మ అనియో, బాయి అనియో చేరియుండును. దీని ఫలితము ఎంత దూరము పోవునో ఒక ఉదాహరణ చెప్పెదము. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు సంవత్సరమునకు 436 రూపాయలు బ్యాంకు ఖాతా నుండి కోయుదురు. ఇంటి యజమాని మరణించినచో నామినీకి 2 లక్షల రూపాయలు వచ్చును. మరణ పత్రము ఎలక్ట్రానిక్ రూపములో త్వరగానే దొరకవచ్చును. కాని బ్యాంకులో నామినీగా వ్రాసిన పేరు ఒకటి, ఆ తల్లి చేతిలోని ఆధారులో పేరు మరియొకటి అయినచో, ఆమెయే ఈమె అని రుజువు చేయుటకు అఫిడవిట్లు, సాక్షులు, తిరుగుడు. దుఃఖములోనున్న మనిషికి ఇంతకంటె శిక్ష లేదు. ఇది ముందుగా ఒక పూట కూర్చుండి సరిచేసికొనదగిన పని.

సరిచేయు పద్ధతి ఇది. ముందుగా ఇంటిలోని ఒక్కొక్కరి పత్రములన్నిటిని ఒక చాప మీద పరచి, ఏ పత్రములో పేరు ఏ విధముగా నున్నదో ఒక కాగితము మీద వ్రాసికొనవలెను. వీటిలో మార్చుటకు కష్టమైనది ఏదో చూడవలెను. సాధారణముగా అది జనన పత్రము గాని, పాఠశాల పత్రము గాని అగును. దానిలోని అక్షరములనే ప్రమాణముగా పెట్టుకొని తక్కినవానిని దానికి సరిపుచ్చవలెను. ముందు ఆధారు, తరువాత పాన్, తరువాత బ్యాంకు, ఆపైన చేనేత గుర్తింపు కార్డు. ఈ వరుస తప్పినచో ఒకటి దిద్దగా ఇంకొకటి చెడును. పడుగు అతుకునప్పుడు ఒక పోగు తప్పినచో చివరివరకు తప్పినట్లే.

ఆధారులో పేరును జీవితకాలములో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒకసారి మాత్రమే మార్చనిత్తురు. కావున కేంద్రములోని కుర్రవాడు తొందరపడి ఎక్కించినదానికి తల ఊపి రాకూడదు. తెర మీద అక్షరములను ఒక్కొక్కటిగా చదివించుకొని, రసీదులో మరల చూచుకొని, అప్పుడే సమ్మతించవలెను. చదువు వచ్చిన పిల్లను వెంట తీసికొనిపోవుట మంచిది. మన వారిలో పెద్దలు ఇట్టి చోట అడుగుటకు మొగమాటపడుదురు. ఆ మొగమాటము ఖరీదైనది.

పుట్టిన తేదీ విషయములో ఇంకొక మాట. వయస్సుకు రుజువుగా ఆధారు చాలునని అనుకొనరాదు. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2024 జనవరిలో పుట్టిన తేదీ రుజువుల పట్టిక నుండి ఆధారును తీసివేసినది. అదే సంవత్సరము అక్టోబరులో సుప్రీం కోర్టు ఒక ప్రమాద నష్టపరిహారపు కేసులో ఆధారు కంటె పాఠశాల పత్రములోని తేదీకే విలువనిచ్చినది.

పెట్టెలోని పాత కాగితము

ఫోనులోకి అన్నియు వచ్చినవి గదా యని పాత కాగితములను పారవేయువారు కొందరు బయలుదేరినారు. దయచేసి ఆ పని చేయవద్దు. మహారాష్ట్రములో కులపత్రము దొరికినంత మాత్రమున పని కాదు, దానిని పరిశీలన కమిటీ సరియని తేల్చవలెను. ఆ కమిటీ అడుగునది తాత ముత్తాతల కాలపు కాగితములనే. తాతగారి పాఠశాల రిజిస్టరు నకలు, ఏనాటిదో మునిసిపాలిటీ రసీదు, పాత నేత సంఘములో సభ్యత్వపు పుస్తకము, ఇవి ఏ ప్రభుత్వ యంత్రములోను లేవు. మన పెట్టెలోనే ఉన్నవి. చెదలు పట్టకముందే వీటిని ఫోటో తీసి మొదటి అరలో ఎక్కించి, అసలును మడతలు విప్పి ప్లాస్టికు సంచిలో పెట్టి భద్రము చేయవలెను. తెలుగులో వ్రాసిన పాత పత్రములకు అక్కడి భాషలోనికి అనువాదము అడుగవచ్చును. దానిని చదివి చెప్పగల పెద్దలు ఉండగానే ఆ పని చేయించుట మేలు.

నంబరు ఎవరిది

డిజిలాకర్ తెరచుటకు ఫోనుకు వచ్చు ఓటీపీయు, మనము పెట్టుకొన్న 6 అంకెల పిన్నును కావలెను. ఓటీపీ ఆధారుకు కట్టిన నంబరుకే వచ్చును. మీ నంబరు ఏదని అడిగినచో మన వారు చెప్పు జవాబు, "ఏమోనయ్యా, మావాని ఫోనుకు కట్టినారట." ఆ కుమారుడు పెండ్లియై భివండిలో నున్నాడు. పగలు అతడు పనిలో నుండును. ఇక్కడ కేంద్రములో తల్లి వరుసలో నిలబడియుండగా అక్కడ ఓటీపీ వచ్చి కాలము తీరిపోవును.

కొందరికి షావుకారు నంబరు కట్టియున్నది. కొందరికి నమోదు చేసిన కుర్రవాని నంబరే కట్టియున్నది. ఇది అసౌకర్యముతో పోవునది కాదు. ఆ నంబరు ఎవరి చేతిలో నున్నదో వారే మీ పత్రములను తెరువగలరు, మీ పేర పని నడుపగలరు. షావుకారు మంచివాడే కావచ్చును. అయినను కూలి లెక్కలో రేపు తగవు వచ్చినచో మీ తాళపుచెవి అతని దగ్గర ఉండుట తగునా?

2019-20 నాటి నాల్గవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో నేతవారు, అనుబంధ పనివారు కలిసి 35 లక్షల 22 వేల మంది ఉన్నారు. అందులో 70 శాతమునకు పైగా స్త్రీలు. ఆసు పోయువారు, కండెలు చుట్టువారు, మగ్గము మీద కూర్చుండువారు వారే. కాని సొంత నంబరు లేనివారిలో కూడ వారే ఎక్కువగా మాకు కనబడుచున్నారు. ఇంటికి ఒక ఫోనుతో సరిపెట్టుకొన్న కాలము వేరు. కనీసము చిన్న ఫోను, సొంత సిమ్ము అయినను తల్లి పేర, భార్య పేర ఉండవలెను. ఓటీపీ అందుటకు అది చాలును.

సిమ్మును రీఛార్జి చేయక వదలివేయుటలో కూడ అపాయము ఉన్నది. రద్దయిన నంబరును 90 దినముల వరకు ఇంకొకరికి ఇవ్వరు. ఆ తరువాత ఇవ్వవచ్చును. అప్పుడు మీ ఓటీపీలు తెలియని మనిషి ఫోనుకు పోవును. నంబరు మార్చుకొన్నవారు ముందుగా ఆధారులో, బ్యాంకులో కొత్త నంబరు కట్టించి, అటుపిమ్మటనే పాతది వదలవలెను. ఇప్పుడు ఏ నంబరు కట్టియున్నదో ఆధారు సంస్థవారి స్థలములో చూచుకొనుటకు వీలున్నది. దీనికి ఎవరికిని డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఇంటర్నెట్టు దుకాణములో పని చేయించుకొనువారికి ఒక సూచన. పత్రము దించి అచ్చువేయించుకొన్న తరువాత ఆ కంప్యూటరులో ఫైలు మిగిలియుండును. దానిని మీ యెదుటనే తీసివేయమని అడుగుడు, ఖాతా మూసివేయించుడు. ఓటీపీని ఫోనులో అడుగువారు ఎవరైనను సరే, బ్యాంకు పేరు చెప్పినను, చేనేత శాఖ పేరు చెప్పినను, దానిని చెప్పవద్దు. మోసము జరిగి డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది డబ్బు చేతులు మారిపోవును.

ఉద్యం నమోదు విషయములో కూడ మోసములు జరుగుచున్నవి. చిన్న పరిశ్రమలకు 2020 జులై 1 నుండి అమలులోనున్న ఈ నమోదు పూర్తిగా ఉచితము. కాగితములేవియు ఎక్కించనక్కరలేదు, క్యూఆర్ గుర్తుతో పత్రము ఎలక్ట్రానిక్ రూపముననే వచ్చును. దీనికి వేలు వసూలు చేయు ప్రైవేటు స్థలములు ప్రభుత్వపు స్థలము వలెనే వేషము వేసికొని ఉన్నవి.

తెలియకుండ వచ్చు నోటీసు

ఇంతవరకు మనకు కావలసిన పత్రములను గూర్చి చెప్పితిమి. మనము కోరకుండ వచ్చు పత్రములు కూడ ఉన్నవి. జీఎస్టీలో నమోదైన సహకార సంఘములు, చిన్న వ్యాపారులు దీనిని శ్రద్ధగా చదువవలెను.

2017 సంవత్సరపు కేంద్ర జీఎస్టీ చట్టములో 169వ సెక్షను నోటీసు అందించు మార్గములను చెప్పుచున్నది. మనిషి ద్వారా, పోస్టు ద్వారా, ఈమెయిలు ద్వారా అందించుటతో పాటు, ఉమ్మడి పోర్టలులో పెట్టుట కూడ అందులో ఒకటి. పోర్టలులో పెట్టినచో అందించినట్లే. మనము తెరచి చూచినను, చూడకపోయినను ఒకటే. గుమాస్తా ఈమెయిలును, అకౌంటెంటు ఫోను నంబరును ఇచ్చి నమోదు చేయించుకొన్న సంఘములు మనలో ఉన్నవి. ఆ అకౌంటెంటు మారినచో నోటీసు వచ్చినట్లు కబురు పాతవానికే పోవుచుండును. చివరకు బ్యాంకు ఖాతా స్తంభించిన నాడు సంఘమునకు సంగతి తెలియును. ఉత్తరువు అందిన నాటి నుండి అప్పీలుకు 3 నెలలే గడువు. సరియైన కారణము చూపినచో ఇంకొక నెల.

నోటీసు పోర్టలులో మాత్రమే పెట్టి, వ్యాపారికి తెలియకుండనే ఉత్తరువు వేసిన కొన్ని కేసులలో మద్రాసు హైకోర్టు ఆ ఉత్తరువులను కొట్టివేసి మరల విచారించుమని చెప్పినది. కాని ప్రతి చిన్న సంఘమును హైకోర్టుకు పోగలదా? నెలకు రెండు తేదీలు పెట్టుకొని పోర్టలులో నోటీసుల పేజీయు, అదనపు నోటీసుల పేజీయు రెండును తెరచి చూచి, చూచినట్లు మినిట్స్ పుస్తకములో కార్యదర్శి వ్రాయవలెను. మా సంఘములో ఈ పద్ధతి పెట్టుకొన్నాము. పది నిమిషముల పని.

ఈ విషయములో డెన్మార్కు దేశపు పద్ధతి చూడదగినది. అక్కడ 2014 నవంబరు 1 నుండి ప్రభుత్వపు ఉత్తరములు ఎలక్ట్రానిక్ పెట్టెకే వచ్చును, పౌరులందరికి అది నిర్బంధము. అయితే వాడలేనివారు అర్జీ పెట్టుకొన్నచో వారికి కాగితము మీదనే పంపుదురు. మన దేశములో పత్రములను మనమే వెదకి తెచ్చుకొనవలెను, నోటీసులు మాత్రము వెదకక పోయినను వచ్చి కూర్చుండును. రెండింటికిని మన భాషలో ఒక చిన్న సందేశము మన ఫోనుకు వచ్చునట్లు చేసి, వృద్ధులకు కాగితము కోరుకొను వీలు ఉంచినచో, అదియే నిజమైన సౌకర్యమని మా అభిప్రాయము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30న వాట్సాపు ద్వారా 161 సేవలను ప్రారంభించినది. స్వగ్రామములో పత్రములు ఉన్నవారికి ఇది కొంత ఉపయోగపడవచ్చును. పత్రము త్వరగా అందుట వేరు, అది మనమున్న రాష్ట్రములో చెల్లుట వేరని మాత్రము మరువరాదు. కులముల పట్టికలు రాష్ట్రమునకు ఒక తీరుగా నున్నవి.

సంఘములు చేయదగిన పని

ప్రతి సంఘము నెలకు ఒక దినము, అమావాస్య నాడు మగ్గములు ఆపు అలవాటున్న ఊళ్లలో ఆ దినముననే, పత్రముల సహాయ దినమును పెట్టవచ్చును. చదువుకొన్న ఇద్దరు పిల్లలు, ఒక ప్రింటరు చాలును. అయితే ఒక నియమము ఖచ్చితముగా నుండవలెను. సభ్యుల పిన్నును గాని, ఓటీపీని గాని సంఘపు పుస్తకములో వ్రాసి ఉంచరాదు. సభ్యుల మేలు కోరియే కొన్ని సంఘములు అట్లు వ్రాసి ఉంచుచున్నవి. ఆ పుస్తకము ఒక్కటి పోయినచో ఊరి తాళపుచెవులన్నియు పోయినట్లే. సభ్యుడు తన పిన్నును తానే నొక్కవలెను. వ్రేలు వణికిన పెద్దలకు మనుమడో, మనుమరాలో నొక్కిపెట్టవచ్చును, సంఘపు గుమాస్తా నొక్కరాదు.

ఆ దినమున వచ్చువారు ఆధారు, పాన్, బ్యాంకు పుస్తకము, చేనేత గుర్తింపు కార్డు, పాఠశాల పత్రము, ఆధారుకు కట్టిన నంబరు గల ఫోనును తెచ్చుకొనవలెను. ఫోనును ముందు రాత్రియే ఛార్జి చేసియుంచుడు. ఇంటిలో కొత్తగా బిడ్డ పుట్టినవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. 2023 అక్టోబరు 1 నుండి అమలైన సవరణ చట్టము ప్రకారము, జననము నమోదైన 7 దినములలోపల రిజిస్ట్రారు పత్రమును ఎలక్ట్రానిక్ రూపమున గాని, మరియొక విధమున గాని ఉచితముగా ఇవ్వవలెను. ఆ తేదీ తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరుటకు, ఓటరు పట్టికకు, లైసెన్సుకు, ఆధారుకు పుట్టిన తేదీ రుజువు ఆ పత్రమే. అందులో బిడ్డ పేరును, తల్లిదండ్రుల పేర్లను ఏ అక్షరములతో వ్రాయించవలెనో ఒక చీటీ మీద ఇంగ్లీషులోను, ఆ రాష్ట్రపు భాషలోను వ్రాసికొని ఆసుపత్రికే తీసికొనిపోవలెను. బారసాల వరకు పేరు నిశ్చయించని ఇళ్లలో ముందు తల్లిదండ్రుల పేర్లతో నమోదు చేయించి, బిడ్డ పేరును తరువాత చేర్పించవచ్చును.